ప్రీమియం టైర్లకు పెట్టే అదనపు డబ్బు తిరిగి వస్తుందా? లెక్క వేసి చూద్దాం

కారు టైర్లు మార్చే టైమ్ వచ్చిందంటే షాపులో పది నిమిషాల్లోనే మాట ఒక దగ్గర ఆగుతుంది. ఒక టైరు 4 వేలు, పక్కన పెట్టింది 6 వేలు. సైజు ఒకటే, చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. నాలుగూ మార్చాలంటే తేడా 8 వేలు. ‘ఇది తీసుకోండి భాయ్, ఐదేళ్లు చూసుకోనక్కర్లేదు’ అనే మాట ప్రతి షాపులోనూ వినపడేదే. కొనేవాళ్లకు మాత్రం ఆ 8 వేలు పిల్లల స్కూల్ ఫీజులో ఒక వాయిదా, లేదంటే క్యాబ్ ఈఎంఐలో పెద్ద ముక్క.

ముందే చెప్పేస్తే, ఎక్కువ కాలం మన్నుతుందని ప్రీమియం టైరు కొంటే చాలామందికి ఆ డబ్బు తిరిగి రాదు. వానలో బండి తొందరగా ఆగడం కోసం కొంటే అది వేరే సంగతి. ఎలాగో కింద లెక్కలు చూడండి. ధరలు, కిలోమీటర్లు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి. మీ బండి సైజు, మీ షాపు రేటు పెట్టి మళ్లీ వేసుకోవచ్చు.

మొదట క్యాబ్ నడిపేవాళ్ల సంగతి. 16 వేల సెట్టు 40 వేల కిలోమీటర్లు వచ్చిందనుకుందాం. కిలోమీటరుకు 40 పైసలు పడింది. 24 వేల సెట్టు 50 వేల కిలోమీటర్లు వస్తే 48 పైసలు. అంటే పదివేల కిలోమీటర్లు ఎక్కువ నడిచినా ఖరీదైనదే ఖరీదు. రెండూ సమానం కావాలంటే ప్రీమియం సెట్టు 60 వేల కిలోమీటర్లు రావాలి. ధర ఒకటిన్నర రెట్లు ఉంటే మన్నిక కూడా ఒకటిన్నర రెట్లు ఉండాలన్నమాట. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. రోడ్డును గట్టిగా పట్టుకునే మెత్తటి రబ్బరు తొందరగా అరిగే అవకాశం ఎక్కువ. కాబట్టి ఖరీదైన టైరంటే ఎక్కువ కిలోమీటర్లు వచ్చే టైరు అనుకోవద్దు.

ఇంధనం లెక్క కొంచెం మేలు. టైరు దొర్లేటప్పుడు రబ్బరు నలిగి కొంత శక్తి వేడిగా పోతుంది. దీన్నే రోలింగ్ రెసిస్టెన్స్ అంటారు. ఇది 10 శాతం తగ్గితే పెట్రోలు 1 నుంచి 2 శాతం మిగులుతుంది. ఏడాదికి 50 వేల కిలోమీటర్లు తిరిగి, లీటరుకు 20 ఇచ్చే క్యాబ్ 2,500 లీటర్లు తాగుతుంది. ఒకటిన్నర శాతం అంటే 37 లీటర్ల పైమాటే. లీటరు 107 రూపాయలుగా లెక్కిస్తే దాదాపు 4 వేలు. పైన చెప్పిన 8 పైసల తేడా 50 వేల కిలోమీటర్లకు సరిగ్గా 4 వేలే. అంటే క్యాబ్‌వాళ్లకు రోలింగ్ రెసిస్టెన్స్ తక్కువున్న టైరు దొరికితే లెక్క సరికి సరి అవుతుంది. దొరకకపోతే నష్టం. కొన్ని టైర్ల మీద బీఈఈ స్టార్ లేబుల్ కనిపిస్తుంది, అది చెప్పేది ఈ ఇంధన పొదుపు గురించే. స్టార్లు ఎక్కువున్నాయని తడి రోడ్డు మీద పట్టు కూడా ఎక్కువని అనుకోకూడదు.

ఇంటి కారు లెక్క పూర్తిగా వేరు. ఆఫీసుకు, బంధువుల ఇంటికి, ఏడాదికి 8 వేల కిలోమీటర్లు తిరిగే కారుకు 40 వేలు పూర్తి కావడానికే ఐదేళ్లు పడుతుంది. ఆలోపు ఎండకు, వేడికి రబ్బరు గట్టిపడి సన్నటి పగుళ్లు రావడం మొదలవుతుంది. బటన్ అరగకముందే టైరు ముసలిదైపోతుందన్నమాట. ఇలాంటి బండికి ‘60 వేలు గ్యారంటీగా వస్తుంది’ అనే మాట వినడానికే బాగుంటుంది, ఆ 60 వేలు చేరేసరికి ఏడున్నరేళ్లు. ఇంధనం మిగిలేది కూడా ఏడాదికి ఆరేడు వందల దగ్గరే. 8 వేల తేడాను ఐదేళ్లకు పంచితే నెలకు 133 రూపాయలు. ఈ డబ్బు మన్నికకో, పెట్రోలుకో కాదు, బ్రేక్ కోసం పెడుతున్నామని తెలిసి పెట్టాలి.

అసలు విషయం ఆ బ్రేకే. బ్రేక్ తొక్కితే చక్రం ఆగుతుంది, బండిని ఆపేది మాత్రం రోడ్డుకు ఆనుకుని ఉన్న అరచేయంత రబ్బరు. తడి రోడ్డు మీద ఒక టైరు పట్టు 0.7, ఇంకోదాని పట్టు 0.6 అనుకోండి. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బ్రేక్ పడ్డాక మొదటిది 36 మీటర్లలో ఆగుతుంది, రెండోది 42 మీటర్లలో. ఆరు మీటర్లే కదా అనిపిస్తుంది. కానీ మొదటి కారు పూర్తిగా ఆగిపోయిన చోట రెండో కారు ఇంకా గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోతూ ఉంటుంది. ముందు లారీ ఆగి ఉంటే ఆ 30తోనే వెళ్లి గుద్దుకుంటుంది. సడెన్‌గా చూసి కాలు బ్రేక్ మీదికి వెళ్లేలోపు పోయే సెకను, ఆ సెకనులో దాటే 22 మీటర్లు ఈ లెక్కలో కలపలేదు.

అదే 40 వేగంలో ఈ తేడా ఒకటిన్నర మీటరుకు పడిపోతుంది. వేగం రెట్టింపైతే ఆగే దూరం నాలుగింతలు అవుతుంది కాబట్టి తేడా కూడా అలాగే పెరుగుతుంది. మెహదీపట్నం నుంచి హైటెక్ సిటీ దాకా ట్రాఫిక్‌లో పాక్కుంటూ పోయే కారుకు, వానాకాలం రాత్రి పెళ్లి చూసుకుని గుల్బర్గా నుంచో కర్నూలు నుంచో కుటుంబంతో తిరిగొచ్చే కారుకు ఒకే సలహా ఎందుకు పనికిరాదో ఇక్కడ తెలుస్తుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద 120 దాకా అనుమతి ఉంది. నెలకు రెండు మూడుసార్లు హైవే ఎక్కేవాళ్లు, అదీ పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు నెలకు ఆ 133 రూపాయలు పెట్టడం దండగ కాదు. సిటీ దాటని బండికి పేరున్న కంపెనీ మధ్య రకం టైరు చాలు. ఎంఆర్‌ఎఫ్, అపోలో, సియట్, జేకే లాంటివి అన్నీ ఆ రేంజ్‌లో దొరుకుతాయి. సదాశివపేటలో ఎంఆర్‌ఎఫ్ ఫ్యాక్టరీ, తిరుపతి జిల్లా చినపాండూరులో అపోలో ఫ్యాక్టరీ ఉన్న రాష్ట్రాల వాళ్లం, సరుకు కొరత సమస్య మనకు పెద్దగా లేదు.

కొత్త టైరు అయితే చౌకదైనా మరీ నాసిరకం కాకుండా ప్రభుత్వ నిబంధనలు ఉన్నాయి. ఐఎస్‌ఐ మార్కు తప్పనిసరి. కొత్త డిజైన్ కారు టైర్లకు రోలింగ్ రెసిస్టెన్స్, తడి రోడ్డు పట్టు, చప్పుడు ఇంత ఉండాలని కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2022లో నోటిఫికేషన్ కూడా ఇచ్చింది. కాబట్టి మధ్య రకానికి, ప్రీమియానికి ఉన్న దూరం కంటే గుండు టైరుకు, కొత్త టైరుకు ఉన్న దూరం చాలా ఎక్కువ. కొత్త టైరులో గాడి లోతు 8 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. కారుకు చట్టం ఒప్పుకునే కనీస లోతు 1.6 మిల్లీమీటర్లు. గాళ్ల మధ్యలో చిన్న గట్టులాంటి గుర్తులుంటాయి, బటన్ అరిగి వాటితో సమానమైందంటే అక్కడికి వచ్చేసినట్టే. గాడి లేనప్పుడు నీళ్లకు పోయే దారి ఉండదు. టైరు నీళ్ల మీద తేలుతుంది, స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు. ఆ స్థితికి వచ్చిన ప్రీమియం టైరు కూడా గుండు టైరే.

సెకండ్ హ్యాండ్ టైర్ల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లలో చాలామంది చేతిలో డబ్బు లేనప్పుడు అటే వెళ్తారు. 1,500కు దొరికిన పాత టైరు 10 వేల కిలోమీటర్లు వచ్చిందనుకోండి. కిలోమీటరుకు 15 పైసలు. 4 వేల కొత్త టైరు 40 వేలు వస్తే 10 పైసలే. చౌక అనుకున్నదే ఖరీదు. పైగా అరిగిన టైరుకు బ్లేడుతో మళ్లీ గాళ్లు కోసి కొత్తదానిలా చూపించడం ఉంది. కారు టైరులో అలా కోస్తే లోపలి తీగకు దగ్గరగా వెళ్తుంది, హైవే వేడికి పగిలే ప్రమాదం ఎక్కువ. నాలుగూ ఒకేసారి కొనలేకపోతే కొత్తవి రెండు తీసుకోండి, పాత టైర్లు నాలుగు వేసుకోవడం కంటే అదే నయం.

కొనేటప్పుడు టైరు పక్క గోడ మీద ఉన్నది చదవండి. 165/80 ఆర్14 85టి అని ఉంటే 165 వెడల్పు మిల్లీమీటర్లలో, 14 రిమ్ సైజు అంగుళాల్లో, 85 అంటే ఒక్కో టైరు మోసే బరువు 515 కిలోలు, టి అంటే గరిష్ఠ వేగం 190. కంపెనీ ఇచ్చిన బరువు నంబరు కంటే తక్కువది ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోవద్దు. డాట్ అనే అక్షరాల వరుస చివర నాలుగంకెలు తయారీ తేదీ. 2325 అంటే 2025లో 23వ వారం. ఇంపోర్టెడ్ అని చెప్పి ఇచ్చేవాటిలో ఇది తప్పకుండా చూడాలి. 2020 జూన్‌లో టైర్ల దిగుమతిపై కేంద్రం ఆంక్షలు పెట్టిన తర్వాత కొన్ని సైజులు సులభంగా రావడం లేదు, అలాంటివి గోడౌన్‌లో ఎంతకాలంగా ఉన్నాయో ఈ నాలుగంకెలే చెప్తాయి. ఏడాది దాటిన టైరుకు కొత్త టైరు ధర ఇవ్వాల్సిన పని లేదు.

ధర విషయంలో ఇంకొకటి. 2025 సెప్టెంబర్ 22 నుంచి కారు టైర్లపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పన్నుతో కలిపి 6,400 ఉన్న టైరు, అసలు ధర మారకపోతే, 5,900కే రావాలి. బిల్లు లేకుండా తగ్గించి ఇస్తామంటే ఆలోచించుకోండి. ఆ తర్వాత గోతిలో పడి టైరు పక్క ఉబ్బితే వారంటీ అడగడానికి చేతిలో కాగితం ఉండదు. కొన్ని కంపెనీలు గోతి దెబ్బను కూడా వారంటీలో కలుపుతాయి, కొన్ని తయారీ లోపానికే ఇస్తాయి. మన రోడ్లకు ఈ తేడా ముఖ్యం, కొనే ముందే అడగండి.

టైరు ఏదైనా గాలి సరిగా లేకపోతే డబ్బు వృథా. సరైన ప్రెషర్ ఎంతో డ్రైవర్ డోర్ ఫ్రేమ్ మీద ఉన్న స్టిక్కర్‌లో ఉంటుంది. టైరు మీద రాసి ఉండేది అది తట్టుకునే గరిష్ఠ ప్రెషర్, దాన్ని చూసి గాలి కొట్టించొద్దు. నెలకోసారి పొద్దున బండి తీయకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి. నైట్రోజన్ తప్పనిసరేమీ కాదు, మామూలు గాలిలోనే 78 శాతం అదే ఉంది. అలైన్‌మెంట్ తప్పితే 6 వేల టైరు ఒక అంచున అరిగి 4 వేల దానికంటే ముందే పోతుంది.

రెండే కొత్తవి వేయిస్తున్నట్టయితే వాటిని వెనక వేయించండి. ముందు వేయమని షాపులో అంటారు, ముందువే తొందరగా అరుగుతాయి కాబట్టి అది సహజమే. కానీ తడి రోడ్డు మీద వెనక చక్రాలు జారితే బండి గిర్రున తిరుగుతుంది, మామూలు డ్రైవర్ దాన్ని అదుపు చేయలేడు. ముందు జారితే కనీసం వేగం తగ్గించి సర్దుకునే వీలుంటుంది. తీసేసిన రెంటిలో గాడి బాగున్నది ఉంటే స్టెప్నీగా పెట్టుకోండి. డిక్కీలో ఏళ్లుగా పడి ఉన్న స్టెప్నీ మీద డాట్ నంబరు ఎంతుందో కూడా అప్పుడే చూసేయండి.