డోర్నకల్‌కు వచ్చిన యువకులు

యువజన కూటాల్లో నాయకత్వం గురించి మాట్లాడమంటే నేను వేదనాయగం శామ్యూల్ అజరయ్య కథే ఎత్తుకుంటాను. అందరికీ ఆయన డోర్నకల్ బిషప్‌గా గుర్తు. నాకు అంతకుముందటి కుర్రవాడు ముఖ్యం. 1874లో తిరునెల్వేలి (తిన్నెవెల్లి) ప్రాంతంలో పుట్టి, ఇరవయ్యేళ్ళు దాటీ దాటగానే వైఎంసీఏ కార్యదర్శిగా ఊరూరా తిరిగాడు. 1903లో, ముప్పై నిండకముందే, తోటివారితో కలిసి తిన్నెవెల్లి ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టాడు. డబ్బు మనది, మనుషులు మనవాళ్ళు, పెత్తనమూ మనదే అన్నారు. సంఘాలన్నీ దొరల చెప్పుచేతల్లో నడిచే రోజుల్లో ఎంత తెగువ!

ఆ సొసైటీవాళ్ళు సేవకు ఎంచుకున్నది నిజాం రాజ్యంలోని డోర్నకల్. తమిళ యువకులు తెలుగు నేర్చుకుని పల్లెలకు వెళ్ళారు. 1909లో అజరయ్యా వచ్చేశాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. అయినా ఎడ్లబండి ప్రయాణాలు మానలేదు. ఊరికో ఉపదేశి, ఆ ఉపదేశే పంతులు; పగలు పనికెళ్ళే కూలీ పిల్లలకు రాత్రి దీపం కింద అక్షరాలు. మాలలూ మాదిగలూ ఒకే ప్రభువు బల్ల దగ్గరికి రావాలని అజరయ్య పట్టుబట్టాడు. ఐక్యత అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఇదే, మహాసభల తీర్మానాలు కాదు.

తీర్మానాలూ జరిగాయి. 1919లో తరంగంబాడిలో భారతీయ పాస్టర్లు కూడి, శాఖాభేదాలు విడిచి ఒకటవుదామన్నారు. ఆ మాట నెరవేరకముందే అజరయ్య 1945 జనవరి 1న కన్నుమూశాడు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో శాఖలు కలిసి దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది.