పటం మీది పచ్చదనం

1980ల తొలినాళ్లలో హైదరాబాదులోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ ఒక లెక్క తేల్చి దిల్లీని ఇరుకున పెట్టింది. అమెరికావారి లాండ్‌శాట్ ఉపగ్రహం తీసిన చిత్రాలను పరిశీలించి, 1972-75 నాటికి దేశ భూభాగంలో 16.89 శాతం ఉన్న అడవి 1980-82 నాటికి 14.10 శాతానికి పడిపోయిందని చెప్పింది. అటవీ శాఖల రికార్డుల్లో మాత్రం అడవి దాదాపు 23 శాతం. రికార్డు చెప్పేది శాఖ అధీనంలో ఉన్న భూమి సంగతి, చిత్రం చూపేది చెట్టు ఉందా లేదా అన్నది. 1981లో ఏర్పడిన ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియాకూ ఈ ఏజెన్సీకీ మధ్య కొంతకాలం తర్జనభర్జనలు జరిగి, 1987లో వచ్చిన మొదటి అటవీ స్థితి నివేదిక నాటికి అంకె 19.5 శాతం దగ్గర కుదురుకుంది.

అంకెమీద రాజీ కుదిరింది. ఆ నిలబడ్డ చెట్ల కింద అడవి అడవిలా బతుకుతోందా అని మాత్రం అప్పుడెవరూ అడగలేదు. ఒక నేలలో సహజంగా ఉండవలసిన మొక్కలు, జంతువులు ఉన్నాయా, వేటాడేవీ వేటకు దొరికేవీ రెండూ మిగిలాయా, వాగు తన దారిన పారుతోందా, ఏనుగు ఒక కొండనుంచి ఇంకో కొండకు నడిచి వెళ్లగలదా? వీటన్నిటినీ కలిపి శాస్త్రవేత్తలు పర్యావరణ సమగ్రత అంటారు. దాన్ని పటంగా గీసి, ఏ నేలను ముందు కాపాడాలో తేల్చే ప్రయత్నానికి దాదాపు తొంభై ఏళ్ల చరిత్ర ఉంది.

మొదట్లో కొలబద్ద చాలా మోటుది. 1936లో అమెరికా అటవీ అధికారి బాబ్ మార్షల్, అల్థియా డాబిన్స్ కలిసి తమ దేశంలో రోడ్డు పడని పెద్ద ప్రాంతాలను పటంలో గుర్తించారు. అడవైతే మూడు లక్షల ఎకరాలు, ఎడారైతే అయిదు లక్షల ఎకరాలు, అంతకు తక్కువైతే పరిగణించలేదు. లోపల ఏ జంతువు ఉందో వాళ్లు చూడలేదు. రోడ్డు లేదంటే మనిషి పెద్దగా చొరబడలేదనీ, మనిషి చొరబడకపోతే ప్రకృతి చెక్కుచెదరలేదనీ అనుకున్నారు. ఈ ఊహే తర్వాతి పటాలన్నిటికీ పునాది. అర్ధ శతాబ్దం తర్వాత, 1989లో, మెక్‌క్లోస్కీ, స్పాల్డింగ్ ప్రపంచం మొత్తానికి ఇదే పని చేశారు. విమాన చోదకులు వాడే నావిగేషన్ చార్టులు తెచ్చి, రోడ్డూ రైలూ ఊరూ కనబడని చోట్లను ఏరి, భూతలంలో సుమారు మూడో వంతు ఇంకా అడవితనంతో ఉందని తేల్చారు. విమానం చార్టులతో ప్రకృతిని లెక్కగట్టడం విడ్డూరమే. అప్పట్లో ప్రపంచమంతటికీ ఒకే తీరులో దొరికే పటాలు అవే మరి.

ఈలోగా ఇంకో పాయ నేలమీదే, నిజానికి నీళ్లలోనే, మొదలైంది. 1972 నాటి అమెరికా జలశుద్ధి చట్టం నదుల రసాయనిక సమగ్రతతోపాటు జీవసమగ్రతనూ నిలబెట్టాలంది. రసాయనాన్ని పరీక్షనాళికలో కొలవవచ్చు, జీవసమగ్రతను కొలిచేదెలా? జేమ్స్ కార్ అనే జీవశాస్త్రవేత్త 1981లో జవాబిచ్చాడు. వాగులో దిగి చేపలు పట్టు అన్నాడు. ఎన్ని జాతులు, మురికిని ఓర్చుకునేవి ఎన్ని, ఏది ఏం తింటోంది, పుండ్లూ అవకరాలూ ఉన్న చేపలెన్ని అని పన్నెండు అంశాలు చూసి, పెద్దగా పాడవని వాగుతో పోల్చి మార్కులు వేశాడు. కనిష్ఠం 12, గరిష్ఠం 60. సమగ్రతకు అంకె పడటంలో ఇది పెద్ద మలుపు. ఈ చరిత్ర మొత్తంలో నాకు అత్యంత నిజాయితీగా కనిపించే కొలత కూడా ఇదే, ఎందుకంటే కార్ కొలిచింది ప్రాణిని. మార్షల్ దారిన వచ్చినవాళ్లు కొలిచింది మనిషి ఒత్తిడిని.

తర్వాత గెలిచింది మాత్రం మార్షల్ దారే. చేపలు పట్టాలంటే ప్రతి వాగుకూ వెళ్లాలి. ఉపగ్రహానికి ఆ శ్రమ లేదు. 2002లో ఎరిక్ శాండర్సన్ బృందం జనసాంద్రత, భూమి వాడకం, రోడ్లూ నదీమార్గాలూ, రాత్రిపూట కనిపించే విద్యుద్దీపాలు కలిపి ‘మానవ పాదముద్ర’ పటం తయారుచేసింది. భూతలంలో 83 శాతంపై మనిషి ప్రభావం ఉందని తేలింది. 2020లో అడవులకే ప్రత్యేకంగా వచ్చిన సమగ్రతా సూచిక ప్రకారం ప్రపంచ అడవుల్లో 40.5 శాతమే అధిక సమగ్రత ఉన్నవి.

అయితే పైనుంచి చూసే కంటికి ఒక గుడ్డితనం ఉంది. చెట్లు నిలబడే ఉండి జంతువులు వేటకు బలైపోయిన ‘ఖాళీ అడవి’ గురించి కెంట్ రెడ్‌ఫోర్డ్ 1992లోనే హెచ్చరించాడు. మనకది రాజస్థాన్‌లోని సరిస్కాలో అనుభవమైంది. అక్కడ అడవి కదలకుండా ఉండగానే 2004 చివరికి పులులు ఒక్కటీ మిగల్లేదు. ఆ దెబ్బ తర్వాత 2006లో దేశవ్యాప్త పులుల లెక్కింపు పద్ధతి మారింది. బీటు సిబ్బంది కాలినడకన అడుగుజాడలు, పెంటికలు, మేత జంతువులు నమోదు చేయాలి, దానికి ఉపగ్రహ సమాచారం, కెమెరాలు జతపడాలి. మిగతా ప్రపంచం ఈ పాఠం నేర్చుకోవడానికి ఇంకా సమయం పట్టింది. మానవ పాదముద్ర తక్కువున్న నేల 20 నుంచి 40 శాతం దాకా ఉందని అప్పటిదాకా వచ్చిన అంచనాలు. జంతువులు కూడా పూర్తిగా మిగిలి ఉండాలని షరతు పెట్టేసరికి అది సుమారు మూడు శాతానికి కుంచించుకుపోయిందని 2021లో ప్లంప్‌ట్రే బృందం చూపింది.

మన దేశంలో ఈ శాస్త్రం ప్రణాళిక బల్లమీదికి ఎక్కింది పశ్చిమ కనుమల విషయంలో. అక్కడ కొంచెం ఆగి చూడాలి. 1990ల చివరలో అంతరిక్ష, బయోటెక్నాలజీ శాఖలు కలిసి పి.ఎస్. రాయ్ నాయకత్వంలో ఒక పెద్ద పని చేపట్టాయి. అడవి ఎంతగా ముక్కలైంది, రోడ్లకూ ఊళ్లకూ ఎంత దగ్గర, జాతుల వైవిధ్యం ఎంత అన్నవి కలిపి జీవసంపన్నత పటాలు గీశాయి. తూర్పు కనుమలూ ఆ పరిధిలోకి వచ్చాయి. క్షేత్రంలో నమూనా గళ్లు వేసి మొక్కలు లెక్కపెట్టడం ఈ పనిలో మెచ్చుకోవలసిన భాగం.

2010లో మాధవ్ గాడ్గిల్ అధ్యక్షతన వేసిన నిపుణుల సంఘం తన దారి తాను వేసుకుంది. పశ్చిమ కనుమలను అక్షాంశ రేఖాంశాల్లో అయిదు నిమిషాల గళ్లుగా, అంటే సుమారు తొమ్మిది కిలోమీటర్ల పక్కకొలతతో విభజించి, స్థానిక మొక్కలు, ముప్పున్న క్షీరదాలు, నదీతీర అడవి, ఎత్తు, వాలు వంటి అంశాలకు మార్కులు వేసింది. కనుమలన్నిటినీ సున్నిత ప్రాంతంగానే చూసి మూడు అంచెలుగా విడదీసింది. గళ్లు పెద్దవి, నిజమే. కానీ ఈ గీతలు తాత్కాలికమనీ, తుది హద్దులు గ్రామసభలతో చర్చించి ఖరారు చేయాలనీ ఆ సంఘం చెప్పింది. రాష్ట్రాలు ఒప్పుకోలేదు. 2012లో ఇస్రో మాజీ అధిపతి కస్తూరిరంగన్ నాయకత్వంలో రెండో బృందం వచ్చింది. పి.ఎస్. రాయ్ అందులో సభ్యుడు. వాళ్లు 24 మీటర్ల స్పష్టతగల ఉపగ్రహ చిత్రాలు వాడి, పొలాలూ తోటలూ ఊళ్లూ ఉన్న నేలను ఒకవైపు, సహజ నేలను ఇంకోవైపు వేరుచేశారు. సహజ నేలలోనూ జీవసంపన్నత ఎక్కువగా ఉండి, అడవి ముక్కలు కాకుండా, జనం పలచగా ఉన్న భాగాన్ని, మొత్తం కనుమల్లో 37 శాతాన్ని, అంటే దాదాపు 60 వేల చదరపు కిలోమీటర్లను, సున్నిత ప్రాంతం అన్నారు. గ్రామాన్ని యూనిట్‌గా తీసుకుని, దాని విస్తీర్ణంలో అయిదో వంతు అందులో పడితే ఊరంతా జాబితాలోకి వచ్చేలా పెట్టారు. అలా ఆరు రాష్ట్రాల్లో 4,156 గ్రామాలు చేరాయి.

స్పష్టత పెరిగితే తగవు తగ్గాలి కదా? పెరిగింది. 2013లో కేరళలోని ఇడుక్కి, వయనాడ్ భగ్గుమన్నాయి. తన ఊరు ఎర్రగీతలో ఎందుకు పడిందో చెప్పే మనిషి రైతు దగ్గరికి వెళ్లలేదు, పటం మాత్రం వెళ్లింది. కేరళ ప్రభుత్వం సొంతంగా గ్రామాలవారీ పరిశీలన చేయించి, ఆవాసాలనూ తోటలనూ తీసివేసి తన వాటాను 13,108 నుంచి 9,993.7 చదరపు కిలోమీటర్లకు తగ్గించింది. అందులో రాజకీయం లేదని ఎవరూ అనరు. అయినా మీటర్ల స్పష్టత ఎంత సన్నబడినా ఊళ్లో అడిగి తెలుసుకోవలసింది మిగిలే ఉంటుందని ఆ పరిశీలన రుజువు చేసింది. గాడ్గిల్ ముతక గళ్లకు కస్తూరిరంగన్ సన్నని చిత్రాలు తోడై, ఆపైన గ్రామసభ ఉండి ఉంటే మేలుండేదని నా అభిప్రాయం. 2024 జూలై 30న వయనాడ్‌లో కొండచరియలు విరిగి వందలమంది చనిపోయారు. మర్నాటి తేదీతో కేంద్రం 56,825.7 చదరపు కిలోమీటర్లకు ముసాయిదా నోటిఫికేషన్ ఇచ్చింది. 2014 నుంచి లెక్కేస్తే అది ఆరోది.

పశ్చిమ కనుమలకు కనీసం పచ్చదనం అండ ఉంది. అది లేని నేల గతేమిటి? ఫారెస్ట్ సర్వే లెక్కలో ఒక హెక్టారుకు తగ్గకుండా, పది శాతం పైచిలుకు చెట్ల నీడ ఉంటే కొబ్బరి తోటైనా టీ తోటైనా అటవీ ఆచ్ఛాదనే. ఇటు రాయలసీమ పొదనేలలూ గడ్డిబీళ్లూ 2000 నుంచి వస్తున్న బంజరు భూముల అట్లాసులో చేరిపోయాయి. బట్టమేక పిట్ట కోసం 1988లో ప్రకటించిన రోళ్లపాడు అభయారణ్యం అలాంటి నేలలోనిదే. అక్కడ ఇప్పుడు బట్టమేక కనిపించడమే గగనం. దేశంలో ఇలాంటి బహిరంగ సహజ ఆవాసాలు సుమారు మూడు లక్షల చదరపు కిలోమీటర్లు ఉన్నాయనీ, వాటిలో అయిదు శాతానికి కూడా రక్షణ లేదనీ మధుసూదన్, అబి వనక్ 2023లో పటం గీసి చూపారు. కర్నూలు, అనంతపురం ప్రాంతాల్లో భారీ సోలార్ పార్కులకు స్థలం వెతికినవారికి ఇవి ఖాళీ భూములుగానే కనిపించాయి.

దీనికి శాస్త్రంలో మందు ఎప్పటినుంచో ఉంది. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో కెవిన్ మెక్‌గారిగల్ బృందం రూపొందించిన సమగ్రతా సూచిక ముప్పై మీటర్ల గడికి మార్కు వేసేటప్పుడు చిత్తడిని చిత్తడితో, అడవిని అడవితోనే పోలుస్తుంది. చెట్లు లేవని గడ్డినేలకు మార్కులు తగ్గవు.

2022 డిసెంబరులో మాంట్రియల్‌లో కుదిరిన జీవవైవిధ్య ఒప్పందం, సమగ్రత ఎక్కువున్న ఆవాసాల నష్టాన్ని 2030 నాటికి దాదాపు సున్నాకు తేవాలంటోంది. మనదేశమూ అందులో భాగస్వామి. ఆ గడువులోగా కేంద్ర భూవనరుల శాఖ తన బంజరు అట్లాసు నుంచి గడ్డినేలలనూ పొదనేలలనూ విడదీసి సహజ ఆవాసాలుగా వేరే పద్దు కింద చూపాలి. ఆ హద్దులను గొర్రెల కాపరులతో, గ్రామసభలతో సరిచూపించాలి. జిల్లాలో పార్కులకూ గనులకూ స్థలం కేటాయించే అధికారులు ఆ పద్దు చూసిన తర్వాతే ఫైలుమీద సంతకం పెట్టాలి.