ప్లాను మీద ఇల్లు, నేల మీద ఇల్లు: హైదరాబాద్ నిర్మాణ నిబంధనల నూరేళ్లు

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచేసింది. వేల మంది కొట్టుకుపోయారు. నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సలహా మేరకు ఎగువన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో సిద్ధమయ్యాయి. నదికి కట్టడి వచ్చినా బస్తీల ఇరుకు తీరలేదు. ప్లేగు కూడా పీడించింది. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పుట్టింది అందుకే. రోడ్లు వెడల్పు చేసింది, ఇరుకు వాడలు తీసేసి కొత్త ఇళ్లు కట్టించింది. రాతి తోరణాల పత్తర్‌గట్టి ఆ బోర్డు చలవే. జాగా మనదైనా గాలీ వెలుతురూ వాననీటి దారీ ఊరందరివీ అన్న ఆలోచన ఈ నగర పాలనలో అప్పుడు బలపడింది.

1955లో హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం వచ్చింది. 1975లో హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ (హుడా) ఏర్పడ్డాక మాస్టర్ ప్లాన్లు, జోన్లు వచ్చాయి. 1996లో 111 జీవో ఆ జంట జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర నిర్మాణాలను కట్టడి చేసింది. వరద నేర్పిన పాఠాన్ని ఎనభై ఎనిమిదేళ్ల తర్వాత కూడా గుర్తుపెట్టుకున్న జీవో అది. దాన్ని సడలించాలన్న ఒత్తిడి మాత్రం ఏనాడూ ఆగలేదు.

అసలు మలుపు 2006 మార్చి నాటి 86వ జీవో. అంతవరకు స్థలం విస్తీర్ణానికి ఇన్ని రెట్లే కట్టాలన్న లెక్క ఉండేది. దాన్ని ఎత్తేసి రోడ్డు వెడల్పు, ప్లాటు సైజు, భవనం చుట్టూ వదిలే ఖాళీ జాగా అంటే సెట్‌బ్యాకులే ఎత్తును తేల్చేలా మార్చారు. ఐటీ కారిడార్‌లో ఆకాశాన్నంటే టవర్లకు దారి వేసింది ఈ మార్పే. అంటే భారమంతా సెట్‌బ్యాకు మీద పడింది. 2012 నాటి 168వ జీవో ప్రకారం 18 మీటర్లు దాటి 21 మీటర్ల వరకు ఎత్తుండే భవనం చుట్టూ 7 మీటర్లు ఖాళీ వదలాలి. ఫైరింజను లోపలికొచ్చి తిరగాలంటే ఆ మాత్రం చోటు కావాలి మరి.

కానీ వదిలిన చోటు వదిలినట్టు ఉంటుందా? స్లాబు పడ్డాక బాల్కనీ అడుగు ముందుకొస్తుంది, టెర్రస్ మీద పెంట్‌హౌస్ లేస్తుంది, పార్కింగుకని చూపిన సెల్లార్‌లో షాపు తెరుస్తారు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఒక లాడ్జి కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో మంటలు రేగాయి. పొగ పై అంతస్తులకు ఎగబాకి 8 మంది చనిపోయారు.

ఇలాంటి డీవియేషన్లకు ప్రభుత్వాలు ఎంచుకున్న మందు జరిమానా. 2007 డిసెంబరు 31న వచ్చిన 901వ జీవో, 1985 నుంచి ఆ నెల 15 దాకా కట్టిన అక్రమ నిర్మాణాలను రుసుము తీసుకుని క్రమబద్ధం చేస్తామంది. ఇదొక్కసారే అన్నారు. 2015లో మళ్లీ భవనాల క్రమబద్ధీకరణ పథకం (బీఆర్ఎస్) అన్నారు, అది కోర్టు దాకా వెళ్లింది. నిబంధన పాటించి మూడు అడుగులు వదులుకున్న మధ్యతరగతి మనిషికి దీనికంటే అన్యాయం ఉండదు. కట్టేసుకుంటే తర్వాత చూసుకోవచ్చన్న ధీమాను ఈ స్కీములే పెంచాయి.

బిల్డరు అదుపులో ఉండాలని, కట్టినదాంట్లో పదో వంతు కార్పొరేషన్‌కు తనఖా పెట్టి, ప్లాను ప్రకారమే కట్టారని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ) వచ్చాకే విడిపించుకోవాలన్న పద్ధతి మాత్రం మంచిది. ఆ తర్వాత 2020లో తెలంగాణ టీఎస్ బీపాస్ అనే ఆన్‌లైన్ అనుమతుల విధానం తెచ్చింది. 75 చదరపు గజాల లోపు చిన్న ఇంటికి రూపాయితో రిజిస్ట్రేషన్ చాలు. 600 గజాల వరకు, 10 మీటర్ల ఎత్తు లోపు అయితే స్వీయ ధ్రువీకరణతో అప్పటికప్పుడే అనుమతి. ఆపై వాటికి 21 రోజుల గడువు. ఫైలు పట్టుకుని టౌన్ ప్లానింగ్ సెక్షన్ మెట్లెక్కే బాధ చాలావరకు తగ్గింది, ఇది మెచ్చుకోదగ్గదే. అయితే ముందు తనిఖీ తగ్గినప్పుడు చివరి తనిఖీ గట్టిగా ఉండాలి. ఆ చివరి తనిఖీకి రుజువు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్.

2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా కరెంటు, నీటి కనెక్షన్లు ఈ సర్టిఫికెట్ చూశాకే ఇవ్వాలని, బ్యాంకులు కూడా దాన్ని సరిచూసుకునే అప్పు ఇవ్వాలని ఆదేశించింది. ఫ్లాటు కొనేవాళ్లు అధికారుల కోసం ఎదురుచూడనక్కర్లేదు. అడ్వాన్సు ఇచ్చే ముందు మంజూరైన ప్లాను కాపీ అడిగి తీసుకోండి, టేపు పట్టుకుని సెట్‌బ్యాకు కొలవండి, సెల్లార్‌లోకి దిగి చూడండి. ఓసీ లేకుండా రిజిస్ట్రేషన్‌కు ఒప్పుకోకండి.