మెల్‌బోర్న్‌లో 13.649

మన సంచికల్లో ఆటల గురించి ఎవరు రాసినా కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ దగ్గరే ఆగుతారు. బడికి కప్పులు తెచ్చినవి అవే కనుక అందులో వింతేమీ లేదు. ఈ స్వర్ణోత్సవ సంచికకు నేను మాత్రం మన గ్రౌండులో ఎన్నడూ ఆడని ఆట గురించి, మన బడిలో చదవని ఒక అమ్మాయి గురించి రాస్తానన్నాను. పూర్వ విద్యార్థుల పుస్తకంలో ఆమెకేం పని అని సంపాదకులు అడిగారు. రాసి చూపిస్తాను, బాగాలేకుంటే తీసేయండి అన్నాను.

ఆమె పేరు బుద్దా అరుణారెడ్డి. పుట్టింది హైదరాబాద్‌లో, 1995 డిసెంబరు 25న. మెదక్ వాళ్లకు ఆ తేదీ ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు, చర్చి ముందు జాతరే గుర్తుచేస్తుంది. తండ్రి నారాయణరెడ్డి గారు అకౌంటెంటు. కూతుర్ని మొదట కరాటేలో చేర్పించారు. అందులో ఆమె బ్లాక్ బెల్టు కూడా సంపాదించింది. అయితే ఆ పిల్ల ఒళ్లు వంగే తీరు చూసి, ఇది జిమ్నాస్టిక్స్‌కు తగిన శరీరమని తండ్రికి తోచింది. 2002లో లాల్ బహదూర్ స్టేడియానికి తీసుకెళ్లారు. మా తరం ఇప్పటికీ ఫతేమైదాన్ అనే చోటది. అప్పటికి ఆమెకు ఇంకా ఏడేళ్లు నిండలేదు.

చెప్పడానికి ఇది రెండు వాక్యాల సంగతే గానీ, నాకు ఈ కథలో అన్నిటికంటే పెద్ద ఘట్టం ఇదే అనిపిస్తుంది. ఎందుకంటే మన తెలుగునాట ఆడపిల్ల మొగ్గలేయడం కొత్త కాదు, దాన్ని గౌరవంగా చూడటమే కొత్త. దొమ్మరి ఆటలో ఆడవాళ్లు గడెక్కి, ఆ కొసన ఒళ్లు విరిచి ఆడేవారు. ఊరంతా నోరు తెరుచుకుని చూసేది, చేటలో ఇన్ని గింజలు పోసేది, తర్వాత ఆ కులం పేరునే తిట్టుగా వాడేది. మా చిన్నప్పుడు మెదక్‌లో ఏ ఆడపిల్లైనా ఇసుకలో పిల్లిమొగ్గ వేస్తే ఇంట్లో పెద్దవాళ్ల నోట ముందుగా వచ్చేది ఆ తిట్టే. ఆగస్టు పదిహేనుకు, జనవరి ఇరవై ఆరుకు బడిలో పిరమిడ్లు కట్టేవాళ్లం కదా, ఆరో తరగతి దాకా సన్నగా ఉండే ఆడపిల్లల్ని పైన నిలబెట్టేవారు. ఎనిమిదికి వచ్చేసరికి మమ్మల్ని లేజీం వరుసలోకి పంపేవారు. ఎవరూ ఆజ్ఞ వేయలేదు, అది అట్లానే జరిగేది.

ఇది మన దగ్గరి సంగతే కూడా కాదు. ఒలింపిక్స్ 1896లో మొదలైనప్పుడే మగవాళ్ల జిమ్నాస్టిక్స్ ఉంది. ఆడవాళ్లకు 1928లో, అదీ జట్టు పోటీగా మాత్రమే చోటిచ్చారు. వ్యక్తిగత పతకాలు 1952 హెల్సింకీలో గానీ రాలేదు. 1976లో మాంట్రియల్‌లో పద్నాలుగేళ్ల నాదియా కొమనేచి పదికి పది తెచ్చుకుంటే, బోర్డు మీద ఆ అంకె చూపే ఏర్పాటే లేక 1.00 అని పడింది. భారతదేశం నుంచి ఒక మహిళా జిమ్నాస్ట్ ఒలింపిక్స్‌కు వెళ్లడానికి 2016 దాకా పట్టింది. త్రిపుర అమ్మాయి దీపా కర్మాకర్ రియోలో వాల్ట్‌లో నాలుగో స్థానం తెచ్చుకుంది. కంచు పతకం 0.150 తేడాతో తప్పింది.

అరుణ విషయానికి వద్దాం. స్టేడియంలో ఆమెకు తొలి పాఠాలు చెప్పినవారు స్వర్ణలత, రవీందర్. పిల్లలో పస చూసి స్వర్ణలత గారు తన భర్త గిరిరాజ్ గారికి అప్పగించారు. 2005లో జాతీయ స్థాయిలో తొలి పతకం వచ్చింది. 2008లో గిరిరాజ్ గారు ప్రమాదంలో పోయారు. ఆ తర్వాత బ్రిజ్ కిశోర్ గారి దగ్గర శిక్షణ. 2010లో తండ్రి పోయారు. పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లకు రెండేళ్ల వ్యవధిలో గురువూ లేడు, ఈ దారి చూపిన తండ్రీ లేడు. మానేసి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆమె మానలేదు. మరుసటి ఏడాది రాంచీ జాతీయ క్రీడల్లో మూడు పతకాలు గెలిచింది.

తర్వాత ఏడేళ్లు పత్రికల్లో పెద్దగా కనబడనివి. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో వాల్ట్ అర్హత పోటీలో 14వ స్థానం. ప్రపంచ చాంపియన్‌షిప్‌లకు వెళ్లింది, ఫైనల్ అందలేదు. 2017లో బ్యాంకాక్ ఆసియా చాంపియన్‌షిప్‌లో వాల్ట్‌లో ఆరో స్థానం. ఈ అంకెల్ని ఓటముల జాబితాగా చదవొద్దని నా మనవి. పరీక్ష పేపర్లు దిద్దే అలవాటున్న నాకు ఇవి ఏటికేడు మెరుగవుతున్న మార్కుల్లాగే కనిపిస్తాయి.

వాల్ట్ అంటే ఏమిటో తెలియనివారి కోసం నాలుగు మాటలు. ఇరవై అయిదు మీటర్ల దారిలో పరుగెత్తుకొచ్చి, స్ప్రింగు పలక మీద కాళ్లు తాటించి, 125 సెంటీమీటర్ల ఎత్తున్న బల్లను చేతులతో తోసి, గాలిలో మొగ్గలూ మెలికలూ తిరిగి, అవతల పరుపు మీద రెండు కాళ్లతో కదలకుండా నిలబడాలి. అంతా కొన్ని సెకన్ల పని. విన్యాసం ఎంత కష్టమైనదో దానికి కొన్ని మార్కులు. చేసిన తీరుకు పది, అందులోంచి తప్పులకు కోతలు. దిగినప్పుడు పాదం కాస్త జరిగితే 0.1, పెద్ద అడుగు పడితే 0.3, కిందపడితే ఏకంగా 1.0. ఫైనల్లో వేరువేరు రకాల వాల్ట్‌లు రెండు చేయాలి, రెంటి సగటే చివరి మార్కు.

2018 ఫిబ్రవరిలో, మెల్‌బోర్న్ ప్రపంచ కప్ ఫైనల్లో అరుణ సగటు 13.649. స్లొవేనియా అమ్మాయి త్యాషా కిసెలెఫ్ 13.800తో మొదట, ఆస్ట్రేలియాకు చెందిన ఎమిలీ వైట్‌హెడ్ 13.699తో తర్వాత, మూడోది మన అరుణ. మన దేశానికే చెందిన ప్రణతి నాయక్ అదే ఫైనల్లో ఆరో స్థానంలో నిలిచింది. రజతానికీ కాంస్యానికీ మధ్య ఉన్నది 0.050. రెండు వాల్ట్‌ల సగటు కనుక, ఏదో ఒక దిగుడులో పాదం ఒక్కసారి జరిగితే కోసేంత తేడా అది.

ఇక్కడ ఒక సంగతి నిజాయతీగా చెప్పాలి. ప్రపంచ కప్ అనగానే మనకు క్రికెట్ గుర్తొస్తుంది, అంతకు మించింది లేదనుకుంటాం. జిమ్నాస్టిక్స్‌లో అట్లా కాదు. అది ఏటా పలు నగరాల్లో జరిగే పోటీల వరుస. శిఖరాలు ఒలింపిక్స్, ప్రపంచ చాంపియన్‌షిప్. ఆ వారం సన్మాన సభల్లో ప్రపంచ విజేత అన్నవారు ఉత్సాహం కొద్దీ అన్నారు. ఆ మాట తీసేసినా మిగిలేది చిన్నదేమీ కాదు. అంతకుముందు జిమ్నాస్టిక్స్ ప్రపంచ కప్‌లో వ్యక్తిగత పతకం తెచ్చిన భారతీయులు, ఆడగానీ మగగానీ, ఒక్కరూ లేరు. ఆ పతకాన్ని ఆమె తండ్రికి అంకితమిచ్చింది.

అదే ఏడాది జకార్తా ఆసియా క్రీడల్లో వాల్ట్ ఫైనల్ చేరి ఏడో స్థానం పొందింది. 2019లో మోకాలు దెబ్బతిని శస్త్రచికిత్స జరిగింది. పరుగెత్తి దూకి, ఆ బరువంతా మోకాళ్ల మీద దించుకునే ఆటలో అది మామూలు దెబ్బ కాదు. పైన కరోనా. అయినా 2021 డిసెంబరులో ఈజిప్టులో ఫారోస్ కప్‌లో దిగి వాల్ట్‌లో, ఫ్లోర్‌లో రెండు స్వర్ణాలు గెలిచింది. అప్పటికి ఆమెకు ఇరవై ఆరేళ్లు నిండుతున్నాయి. ఈ ఆటలో అది పెద్ద వయసు కిందే లెక్క.

ఇప్పుడు సంపాదకులు అడిగినదానికి జవాబు. మెదక్ నుంచి లాల్ బహదూర్ స్టేడియం వంద కిలోమీటర్లు ఉంటుంది. మా రోజుల్లో బస్సులో పోయేసరికి సగం పూట గడిచేది. ఏడేళ్ల పిల్లను రోజూ పొద్దునా సాయంత్రం అంత దూరం ఎవరు తీసుకెళ్తారు? అరుణకు తెలివైన తండ్రి ఉన్నాడు, శ్రద్ధగల గురువులు దొరికారు. వాటితోపాటు ఇంటి ఊళ్లోనే బల్ల, పరుపులు ఉన్న హాలు ఒకటి ఉంది. ఖిల్లా మెట్లు ఆగకుండా ఎక్కి దిగి, చెరువు గట్టున వరసగా మొగ్గలేసిన మా తరగతి అమ్మాయిలు ఇద్దరు ముగ్గురు నాకు ఇప్పటికీ గుర్తున్నారు. వాళ్లు అరుణ అంతవారయ్యేవారని అనను. ఎంతవారయ్యేవారో తేల్చే పరుపు ఒక్కటైనా మన ఊళ్లో లేదని మాత్రం అంటాను.

స్వర్ణోత్సవ నిధితో ఏం చేయాలని సంఘం అందరినీ అడుగుతోంది. స్వాగత తోరణం అని కొందరన్నారు, కట్టండి. నా లెక్క వేరు. ముందు నేర్పగల వ్యాయామ ఉపాధ్యాయురాలు కావాలి, ఆ తర్వాత మందపాటి పరుపులు, ఆ తర్వాతే మిగతా సామాను. ఈ వరుస తిరగేస్తే మెడలు విరుగుతాయి. రెండో తరగతి పిల్లల నుంచి మొదలుపెట్టాలి, ఎనిమిదో తరగతిలో ఆడపిల్లల్ని ఆపకూడదు. నా చందా ఈ పద్దు కింద రాసుకోమని కోశాధికారికి చెప్పాను, రసీదు కూడా తీసుకున్నాను.