గొరవయ్యల ఆట

కర్నూలు, అనంతపురం సీమల్లో కురుబల ఇలవేల్పు కొలువులో పుట్టిన ఆట గొరవయ్యలది. ఆడేవాడు వినోదగాడు కాదు, మైలారలింగేశ్వరుడి పేరున దీక్ష పట్టినవాడు. ఒంటిమీద నల్లకంబళి, తలమీద ఎలుగుబంటి వెంట్రుకల టోపీ, మెడలో గవ్వల దండలు, నుదుట బండారు. బండారంటే ఇక్కడ పసుపే. చేతుల్లో డమరుకం, పిల్లనగ్రోవి. మైలారుడి రోజైన ఆదివారం ఈ వేషంతో భిక్షకు తిరగడం దీక్షలో భాగం. చూస్తే ఈ వేషంలో సగం శివుడిది, సగం మందకాపరిది. డమరుకం కైలాసం నుంచి వచ్చినా, కంబళి గొర్రెబొచ్చుతో నేసిందే, పిల్లనగ్రోవి బీడులో ఊదుకునేదే.

ఆటలో అడుగులు ఎక్కువ ఉండవు. వలయంగా నిలబడి, డమరుకం నెమ్మదిగా మోగుతుంటే ఒళ్లు ఊపుతూ కదులుతారు. దెబ్బ ముదిరేకొద్దీ తిరుగుడు పెరుగుతుంది. టోపీ వెంట్రుకలు అటూ ఇటూ ఎగురుతుంటే తల ఊపుడే ఒక అభినయమవుతుంది. పాటల్లో తెలుగూ కన్నడమూ కలిసే నడుస్తాయి.

ఈ కొలువు ఎంత పాతదో చెప్పడానికి తెలుగు కావ్యమే సాక్ష్యం. వినుకొండ వల్లభరాయుడి పేరున ఉన్న క్రీడాభిరామం కాకతీయుల ఓరుగల్లు వీధుల్ని చూపిస్తుంది. అందులో మైలారదేవుడి గుడి దగ్గర వీరభటులు ఒళ్లు గగుర్పొడిచే సాహసాలు చేస్తారు, గొరగపడుచు గొండ్లి అనే నాట్యం ఆడుతుంది. గొరగ, గొరవ ఒకే మాటకు రెండు రూపాలు. అక్కడ ఆడింది పడుచు కాగా ఇప్పుడు గొరవయ్యల బృందాల్లో కనిపించేది మగవాళ్లే. మహారాష్ట్రలోని జేజురిలో ఇదే దేవుణ్ణి ఖండోబా అంటారు. అక్కడ వాఘ్యాలనే మగ భక్తులతోపాటు మురళీలనే స్త్రీలు కూడా ఆడిపాడే సంప్రదాయం ఉంది. ఏడు కోట్ల శివసేనను తలుచుకునే జయధ్వానం కన్నడంలో ‘ఏళుకోటి’ అని, మరాఠీలో ‘యేళ్‌కోట్’ అని వినిపిస్తుంది. తెలంగాణలో ఆ దేవుడే మల్లన్న. అక్కడి కురుమలు డమరుకాన్ని ఒగ్గు అన్నారు, దాన్ని మోగిస్తూ ఒగ్గుకథ చెప్పారు. ఒకే వాయిద్యం చుట్టూ అక్కడ కథ పెరిగితే, తుంగభద్రకు దక్షిణాన ఆట పెరిగింది.

ఈ దేవుడి క్షేత్రం మైలారం కర్ణాటకలోని హడగలి తాలూకాలో ఉంది. మాఘమాసపు జాతరలో గొరవయ్య ఒకడు పొడవాటి విల్లెక్కి, జనం ఊపిరి బిగబట్టి చూస్తుండగా ఒకే ఒక్క వాక్యం పలికి వెనక్కి వాలిపోతాడు. అదే కారణికం. వానలు, పంటలు ఎలా ఉంటాయో ఆ మాటలోంచి అర్థం తీసుకుంటారు. వానమీదే బతుకు నిలిచిన సీమలో ఆ ఒక్క వాక్యానికి అంత విలువ రావడంలో వింత లేదు. కర్నూలు సీమలోని హొళగుంద మండలం దేవరగట్టులోనూ దసరాకు ఇలాంటి భవిష్యవాణే వినిపిస్తారు. అక్కడి మాళ మల్లేశ్వరస్వామి బన్ని ఉత్సవానికి రాత్రి జరిగే కర్రల సమరంవల్ల పేరొచ్చింది. పత్రికలు రాసేది తలలు పగలడం గురించే. ఆ సందడిలో గొరవయ్యల ఆట, ఇనుప గొలుసు తెంపడం వెనక్కి పోతాయి.

ఒకప్పుడు మైలారం, ఆలూరు, ఆదోని అన్నీ మద్రాసు రాజధానిలోని బళ్లారి జిల్లావే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి, హడగలి అటు మైసూరులో చేరింది. దేవుడు ఒక రాష్ట్రంలో, దీక్ష పట్టినవాళ్లలో కొందరు మరో రాష్ట్రంలో ఉండిపోయారు. అయినా రాకపోకలు ఆగలేదు.

ఆ రాకపోకలు మైలారానికే కాదు, శ్రీశైలానికీ ఉన్నాయి. పడమటి ఊళ్ల నుంచి అక్కడికి పోయే దారి కర్నూలు, నందికొట్కూరు, ఆత్మకూరు మీదుగా సాగుతుంది. ఉగాదికి ముందు కన్నడ భక్తులు కాలినడకన వచ్చేది ఈ దారినే. 13వ శతాబ్దిలో పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణంలో శివరాత్రికి శ్రీశైలం చేరిన జనాన్ని, వారి పాటల్ని, ఆటల్ని వరసపెట్టి చెప్పాడు. తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు, కోలాటం, బొమ్మలాట అన్నీ అందులో ఉన్నాయి. ఇప్పుడు శ్రీశైలం గ్రామోత్సవంలో స్వామివారి వాహనం ముందు చెక్కభజన, కోలాటం, నందికోలు సేవలతోపాటు గొరవయ్యల ఆటా సాగుతుంది. ప్రభుత్వ వేడుకల ఊరేగింపుల్లోనూ వీళ్లను పిలుస్తున్నారు. అక్కడ దీక్షతో పనిలేదు, వేషం కనిపిస్తే చాలు. ఆ వేషంలో టోపీకే చిక్కు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత ఎలుగుబంటి తోలు కొత్తగా సంపాదించే వీల్లేదు. తాతల నాటి టోపీని జాగ్రత్తగా దాచుకోవాలి, లేకుంటే నకిలీ వెంట్రుకలతో కుట్టించుకోవాలి.