కలరా ఉండలు, నీలిమందు, ఒక పగిలిన థర్మామీటర్

ఈ ఎపిసోడ్‌లో మనం మాట్లాడుకోబోయేది చాలామంది ఇళ్లల్లో ఉండే వస్తువు గురించే. బీరువాలో పట్టుచీరల మధ్య తెల్లగా, గుండ్రంగా, ఘాటు వాసనతో ఉంటాయే, ఆ కలరా ఉండలు. పేరులో కలరా ఉంది గానీ ఇవి కలరాను ఆపలేవు. కలరా వచ్చేది కలుషితమైన నీళ్ల వల్ల. ఇవి తరిమేది బట్టలు కొరికే పురుగుల్ని మాత్రమే.

సంప్రదాయంగా ఈ ఉండల్లో ఉండే పదార్థం పేరు నాఫ్తలీన్. చాలామంది దీన్నీ, కర్పూరాన్నీ ఒకటే అనుకుంటారు. కాదు. కర్పూరం చెట్టు నుంచి కూడా వస్తుంది. నాఫ్తలీన్‌ని ప్రధానంగా తీసేది బొగ్గు తారు నుంచి, కొంత పెట్రోలియం నుంచి. ఈ చిన్న ఉండ వెనక ఒక పెద్ద చరిత్ర ఉంది. అందులో లండన్ వీధి దీపాలున్నాయి, జర్మనీ ఫ్యాక్టరీ ఉంది, మన నెల్లూరు, కడప రైతులున్నారు, చివరికి గాంధీగారు కూడా ఉన్నారు. ఒక్కొక్కటిగా చూద్దాం.

1812లో లండన్‌లో గ్యాస్ దీపాల కోసం ఒక కంపెనీ మొదలైంది. బొగ్గుని గాలి తగలకుండా బాగా వేడి చేస్తే గ్యాస్ వస్తుంది, దాంతో దీపాలు వెలుగుతాయి. మిగిలేది నల్లటి, జిగట తారు. దాన్ని ఏం చేయాలో ఎవరికీ తెలియదు, అది పెద్ద తలనొప్పి. ఆ తారుని వేడి చేసి, ఆవిరిని చల్లార్చి చూసినవాళ్లకి అందులో తెల్లటి పలుకులు కనిపించాయి. 1821లో జాన్ కిడ్ అనే శాస్త్రవేత్త వాటి గుణాలు వివరంగా రాసి, ఆ పదార్థానికి పేరు పెట్టాడు. 1826లో మైఖేల్ ఫారడే దాని ఫార్ములా తేల్చాడు: 10 కార్బన్ పరమాణువులు, 8 హైడ్రోజన్ పరమాణువులు.

మరి ఆ 18 పరమాణువులు ఎలా అమరి ఉన్నాయి? దానికి ఇంకో 40 ఏళ్లు పట్టింది. ఆరు కార్బన్లు ఉంగరంలా చేరితే బెంజీన్, ఇది ఇంటర్‌లో చదివే ఉంటారు. అలాంటి రెండు ఉంగరాలు ఒక పక్కన అతుక్కుంటే నాఫ్తలీన్ అని 1866లో ఎర్లెన్‌మేయర్ చెప్పాడు. మన ల్యాబ్‌లో శంకువు ఆకారంలో ఉండే గాజు ఫ్లాస్క్ ఉంటుంది కదా, అది ఈయన పేరు మీదే. తర్వాత మూడేళ్లకి గ్రేబే అనే మరో జర్మన్ ఆ మాట నిజమని నిరూపించాడు.

ఇంకో విషయం. కలరా ఉండ రోజురోజుకీ చిన్నదైపోతుంది, కానీ బీరువాలో ఒక్క చుక్క తడి కూడా కనబడదు. ఎందుకంటే అది కరగడం లేదు, గట్టి పదార్థం నుంచి నేరుగా ఆవిరైపోతోంది. దీన్నే ఉత్పతనం అంటారు. ఆ ఆవిరే పురుగుల్ని చంపేది. మన ముక్కులోకి వెళ్లేది కూడా అదే. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఇప్పుడు నీలిమందు సంగతి. నీలి మొక్కల్ని కోసి తొట్లలో నీళ్లు పోసి నానబెట్టాలి. ఆ నీటిని గాలి తగిలేలా బాగా చిలకాలి. అప్పుడు నీలం రంగు అడుగున పేరుకుంటుంది. దాన్ని కాచి, వడగట్టి, అచ్చుల్లా కోసి ఆరబెడతారు. మద్రాసు ప్రెసిడెన్సీలో నెల్లూరు, కడప, కర్నూలు ప్రాంతాల్లో ఈ పంట బాగా ఉండేది. ఇక్కడ ఎక్కువగా రైతులే పండించి అమ్ముకునేవాళ్లు. కానీ బెంగాల్, బీహార్‌లలో తెల్లదొరల పెత్తనం. అక్కడ బలవంతపు సాగు. అందుకే 1859లో బెంగాల్ రైతులు తిరగబడ్డారు.

అదే కాలంలో యూరప్‌లో బొగ్గు తారుకి గిరాకీ పెరిగింది. 1856లో విలియం పెర్కిన్ అనే 18 ఏళ్ల కుర్రాడు మలేరియా మందు తయారుచేయబోతే, ఊదా రంగు వచ్చింది. తారు నుంచి రంగులు తీసే పరిశ్రమ అలా మొదలైంది. అయితే రంగులన్నింటికీ రాజు నీలిమందే. అడాల్ఫ్ ఫాన్ బాయర్ ల్యాబ్‌లో దాన్ని తయారుచేశాడు, 1883 నాటికి దాని నిర్మాణం కూడా తేల్చాడు. కానీ ఫ్యాక్టరీలో చేస్తే ఖర్చు తడిసి మోపెడయ్యేది. ధరలో మొక్కదే గెలుపు.

కథ మలుపు తిరిగింది ఇక్కడే. నాఫ్తలీన్‌ని ఆక్సీకరణం చేస్తే థాలిక్ అన్‌హైడ్రైడ్ అనే పదార్థం వస్తుంది. దాని నుంచి కొన్ని మెట్లలో నీలిమందు చేయొచ్చు. నాఫ్తలీన్ చవక, ఎంత కావాలంటే అంత దొరుకుతుంది. చిక్కంతా ఆ మొదటి మెట్టులోనే, అది చాలా నెమ్మదిగా, ఖరీదుగా జరిగేది. 1896లో జర్మనీలోని బీఏఎస్ఎఫ్ కంపెనీలో ఓయిగెన్ జాపర్ అనే రసాయన శాస్త్రవేత్త నాఫ్తలీన్‌ని ఘాటైన సల్ఫ్యూరిక్ ఆమ్లంతో వేడి చేస్తున్నాడు. అందులో థర్మామీటర్ పగిలింది. లోపలి పాదరసం కలిసిపోయింది. అంతే, చర్య ఒక్కసారిగా జోరందుకుంది! పాదరసం ఆ ఆమ్లంతో కలిసి ఉత్ప్రేరకంగా పనిచేసిందన్నమాట.

దీన్ని ఉత్తి అదృష్టం అనుకోకండి. అప్పటికే ఆ కంపెనీ నీలిమందు మీద ఏళ్ల తరబడి డబ్బు, మనుషుల్ని పెడుతూనే ఉంది. పాదరసం పడ్డాక ఏం మారిందో గమనించే కళ్లు అక్కడ సిద్ధంగా ఉన్నాయి. మరుసటి ఏడాదే, 1897లో, ఫ్యాక్టరీ నీలిమందు మార్కెట్‌లోకి వచ్చింది.

దాని దెబ్బ ఎంతో చూడండి. 1897లో ప్రపంచంలో మొక్కల నుంచి తీసిన నీలిమందు సుమారు 19,000 టన్నులు. 1914 నాటికి అది దాదాపు 1,000 టన్నులకు పడిపోయింది. 17 ఏళ్లలో ఒక పంట మార్కెట్టే కుప్పకూలింది. మన నెల్లూరు, కడప రైతుల కొనుగోలుదారులు కూడా ఇలాగే మాయమయ్యారు.

మీరు అనొచ్చు: బీహార్ రైతులకైనా మంచిదే కదా, బలవంతపు సాగు పీడ వదిలిందని. అలా జరగలేదు. చంపారన్‌లో ప్రతి 20 కఠాల భూమిలో 3 కఠాలు నీలి వేయాలన్న నిబంధన ఉండేది. దాన్నే తీన్‌కఠియా అంటారు. ధర పడిపోయాక దొరలు ఏం చేశారంటే, "నీలి వేయక్కర్లేదు, బదులుగా కౌలు పెంచి కట్టండి" అన్నారు. కొందరి దగ్గర ఒకేసారి పెద్ద మొత్తం గుంజారు. అంటే జర్మనీలో వచ్చిన కొత్త పద్ధతి వల్ల దొరకి నష్టం, ఆ నష్టం కట్టింది రైతు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ సరుకు ఆగిపోయి ధర లేచేసరికి మళ్లీ నీలి వేయమని ఒత్తిడి. ఈ గోడు వినిపించడానికే రాజ్‌కుమార్ శుక్లా అనే రైతు గాంధీగారి వెంటపడ్డాడు. 1917లో గాంధీగారు చంపారన్ వెళ్లారు. 1918లో చట్టం చేసి తీన్‌కఠియాని రద్దు చేశారు.

ఇక నాఫ్తలీన్ ఇప్పుడేం చేస్తోంది? నీలిమందుకి వేరే చవకైన దారి దొరికింది, మీ జీన్స్ రంగు ఎక్కువగా ఆ దారిలోదే. నాఫ్తలీన్ నుంచి వచ్చే థాలిక్ అన్‌హైడ్రైడ్ ప్లాస్టిక్‌ని మెత్తగా చేసే రసాయనాలకి వాడతారు. ఇంకో రకం ఉత్పత్తిని కాంక్రీట్‌లో కలుపుతారు, తక్కువ నీళ్లతోనే అది జారుగా పారుతుంది. ఉక్కు కర్మాగారాల్లో బొగ్గుని కోక్‌గా మార్చినప్పుడు ఉపఉత్పత్తిగా తారు వస్తుంది, నాఫ్తలీన్ అందులోనే ఉంటుంది.

ఇందాక గుర్తుంచుకోమన్న మాటకి వద్దాం. ఆ ఆవిరి మనుషులకి మంచిది కాదు. ముఖ్యంగా జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లలో నాఫ్తలీన్ వల్ల ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. ఆ లోపం ఉందని చాలామందికి తెలియనే తెలియదు. కలరా ఉండల మధ్య దాచిన బట్టలు, దుప్పట్లు వాడటం వల్ల పసిపిల్లలకి తీవ్రమైన కామెర్లు వచ్చిన కేసులు వైద్య రికార్డుల్లో ఉన్నాయి. యూరోపియన్ యూనియన్ 2008లోనే ఈ ఉండల్ని నిషేధించింది. కాబట్టి పుట్టిన బిడ్డ కోసం దాచిన పాత బట్టల్లో వీటిని వేయకండి. పిల్లలు మిఠాయి అనుకుని మింగితే వాంతి చేయించే ప్రయత్నాలు వద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఒక పదార్థం చరిత్ర అంటే ఫార్ములాలు, పేటెంట్లు మాత్రమే కాదు. కొత్త టెక్నాలజీ వచ్చిన ప్రతిసారీ అది ఎంత చవక అని అడుగుతాం. ఆ చవకదనానికి మూల్యం ఎవరు కట్టారో కూడా అడగాలి. చంపారన్ రైతులు అడిగింది అదే. ఈ ఎపిసోడ్ నచ్చితే ఇంట్లో చిన్నపిల్లలున్న మీ ఫ్రెండ్స్‌కి పంపండి.