బ్రాంక్స్‌లో ర్యాప్, తూప్రాన్‌లో దరువు

"తెలుగులో ర్యాప్ ఎక్కడిది బాసూ, అదంతా అమెరికా సరుకు" అనే మాట ఆఫీసు క్యాంటీన్‌లో తరచూ వింటుంటాను. హెడ్‌ఫోన్స్‌లో అండర్‌గ్రౌండ్ హిప్‌హాప్ తప్ప ఇంకోటి విననివాళ్ళే అనేది కూడా! నా మటుకు నాకు ఇది సగమే నిజం. పేరు అమెరికాదే, పద్ధతి మాత్రం మన దగ్గరా ఉంది.

తేదీలు చూడండి. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో డీజే కూల్ హెర్క్ వాయించిన పార్టీని హిప్‌హాప్ పుట్టినరోజు అంటారు. పాత రికార్డులో దరువున్న చిన్న ముక్క పట్టుకుని దాన్నే మళ్ళీ మళ్ళీ తిప్పడం అతని కిటుకు. మన దగ్గర జననాట్యమండలి మొదలైంది 1972లో. దాని గొంతు గద్దర్, అసలు పేరు గుమ్మడి విఠల్. ఉస్మానియాలో ఇంజనీరింగ్‌లో చేరిన మనిషి, అంటే మన బాపతే! పుట్టింది తూప్రాన్‌లో. మా భిక్నూర్ నుంచి హైదరాబాద్ పోయే హైవే మీదే తగుల్తుంది.

ఆయన పని కూడా పాత ముక్కతోనే. జనానికి నోటికొచ్చిన జానపద బాణీ తీసుకుని కొత్త మాటలు కూర్చడం. బాణీ ముందే తెలుసు కాబట్టి వినేవాడి దృష్టంతా మాట మీదే. మధ్యలో పాట ఆపి మామూలుగా మాట్లాడతాడు, ప్రశ్న వేస్తాడు, కోరస్ అందుకుంటుంది, మళ్ళీ దరువు. అంతకుముందే శ్రీకాకుళంలో సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథతో ఇదే దారి తొక్కారు. 1969లో ఆయన్ని చంపేశారు.

ఇక అండర్‌గ్రౌండ్ అంటారా? గద్దర్ 1985లో నిజంగానే అజ్ఞాతంలోకి వెళ్ళి 1990లో బయటికొచ్చారు. 1997 ఏప్రిల్ 6న ఇంటి దగ్గరే కాల్పులు జరిగాయి. ఒక తూటా చివరిదాకా ఒంట్లోనే ఉండిపోయింది.

నాకు అన్నిటికన్నా ముఖ్యమైంది యాస. మన సినిమాల్లో తెలంగాణ యాస చాన్నాళ్ళు రౌడీలకీ కమెడియన్లకీ మాత్రమే దక్కింది. ఇంటర్వ్యూ రూముల్లో మనమూ దాన్ని దాచేసుకున్నవాళ్ళమే కదా? అదే యాస ఆ పాటల్లో నవ్వించడానికి కాదు, లెక్క అడగడానికి వచ్చింది. బ్రాంక్స్ కుర్రాళ్ళు వీధి ఇంగ్లీషుతో చేసిందీ అదే.

ఆ రాజకీయాలన్నీ ఒప్పుకోవాలని అనట్లేదు. తుపాకీ మీద నాకు నమ్మకం లేదు. ఎన్నికలు వద్దన్న ఆయనే 2018లో మొదటిసారి ఓటు వేశారు, 2023 ఆగస్టు 6న పోయారు. ఆ వాదన ఎటు తేలినా పాట కట్టిన తీరు మిగులుతుంది. తెలుగులో ర్యాప్ చేద్దామనుకునే తమ్ముళ్ళు అమెరికన్ యాక్సెంట్ పట్టుకునేముందు ఒక్కసారి ఇంట్లో అమ్మమ్మ ఎట్లా మాట్లాడుతుందో వింటే చాలు. లయ అక్కడే ఉంది.